శెనక్కాయకి కావాల్సిన ఆ ఒక్క వాన

అందరికీ నమస్తే అన్నా, ఇప్పుడు నేనుండేది కళ్యాణదుర్గం పక్కన ఒక ఎర్రచేన్లో, గాలి సౌండ్ వస్తాంటే ఏమనుకోవద్దు, మైక్‌కి టవల్ చుట్టినా ఆగట్లేదు. అనంతపురం అనంగానే వాన తక్కువ పడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత ఇదే అంటారు కదా, అది వినీవినీ బయటోళ్లు ఈడ అసలు వానే పడదనుకుంటాండారు. పడతాది అన్నా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడతాది. కాకపోతే నైరుతి మబ్బులు పడమటి కనుమల కాడనే చాలావరకు కురిసేసి మన దగ్గరికి ఉత్త గాలి తోలుకొస్తాయి, ఈశాన్యం వానలేమో సముద్రం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి పల్చబడతాయి. రెండు దిక్కులా మనం చివరోళ్లమే.

ఇప్పుడు శెనక్కాయ, అదే వేరుశెనగ సంగతి సూడండి. పూత పైన పూస్తాది, కాయేమో భూమిలో. మధ్యలో ఏం జరుగుతాదంటే పూత రాలినాక ఆడినుంచి సూదిమాదిరి ఊడ ఒకటి కిందికి దిగుతాది, అది మట్టిలోకి పోతేనే బుడ్డ, అంటే కాయ కట్టేది. ఆ టైంలో వాన లేక బెట్ట పట్టి నేల రాయి మాదిరి అయిందనుకో, ఊడ పైనే ఎండిపోతాది. చెట్టు పచ్చగానే కనపడతాది, పెరికి సూస్తే రెండు మూడు బుడ్డలు! నూరు, నూటిరవై రోజుల పంటలో ఈ పది పదిహైదు రోజులే జూదం. అందుకే సంవత్సరం మొత్తం లెక్క తీసి వర్షపాతం బాగుంది అని ఎవరైనా చెప్తే నాకు నవ్వొస్తాది, అక్టోబర్‌లో కుండపోత కురిస్తే ఏం లాభం, పీకి వామేసిన కట్టె కూడా బూజు పట్టి గొడ్లకు పనికిరాకుండా పోతాది.

పంట ఇన్సూరెన్స్‌దీ ఇదే కథ. వాన లెక్క మండలానికొక మిషన్ దగ్గర తీస్తే, ఆడ పడిన వాన మన చేన్లో పడినట్టే లెక్క. పొలం గట్టు దాటితే వాన ఉండదప్పా ఈడ!

అట్లని ఎవరూ ఏమీ చేయలేదని కాదు. కదిరి రీసెర్చ్ స్టేషన్ నుంచి కదిరి-6 అనే శెనక్కాయ రకం వచ్చింది, బెట్టకు ఓర్చుకుంటాదని ఇప్పుడు కదిరి లేపాక్షి వేస్తాండారు. మల్యాల కాడ శ్రీశైలం నీళ్లు ఎత్తి హంద్రీనీవా కాలవలో 2012లో జీడిపల్లి దాకా తెచ్చినారు, మరి కాలవ కింద పడని మిట్టచేన్లు ఎన్ని లేవు. బోర్లో నీళ్లున్నోళ్లు చీనీ (బత్తాయి) చెట్లకు పోయినారు, లేనోళ్లు బెంగళూరు బస్సెక్కినారు.

నన్నడిగితే తప్పు మనది కూడా కొంచెం ఉండాది. ఒకప్పుడు కొర్ర, జొన్న, అనుములు, అలసంద కలిపి ఏసేవాళ్లు, ఒకటి పోయినా ఇంకోటి గింజ రాల్చేది. నూనె మిల్లుల రేటు సూసి అంతా శెనక్కాయే అయిపోయింది, ఇప్పుడు పదకొండు సాళ్లకు ఒక కంది సాలు పెట్టమంటే అదే గొప్ప. మా నాయన కూడా అంతే, నేనేం వేరే కాదు.

ఈ చేను 40 రోజుల పైరు, పూత మీద ఉండాది. రెండు వారాల్లో మళ్లీ ఈడికే వస్తా, వానొచ్చినా రాకపోయినా ఒక చెట్టు పీకి కెమెరా ముందర పెడతా.