నలభై రోజులు ఖాళీ నీళ్లకి లైటు వేసి కూర్చున్నాం

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఈ మూల ఉప్పునీళ్ల చేపల ట్యాంకు కనిపిస్తోంది కదా, ఇదే మా సముద్రం. మొత్తం 75 లీటర్లు! మా ఆయన దీనికి బకెట్ సముద్రం అని పేరు పెట్టారు. ఇవాళ దీన్ని ఎలా మొదలుపెట్టామో చెప్తాను, చేసిన తప్పులతో సహా.

ముందు నీళ్లు. కుళాయి నీళ్లు పట్టి పోసేయడానికి లేదు. వాటిలో ఫాస్ఫేట్ ఉంటే నాచు పట్టేస్తుంది, రాగి ఉంటే నత్తలూ రొయ్యలూ బతకవు. అందుకని నీళ్లలో కరిగినవన్నీ తీసేసే ఆర్‌ఓ డీఐ ఫిల్టర్ పెట్టుకున్నాం, ఇంకా ఏమైనా మిగిలాయేమో కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. ఇక ఉప్పంటే వంటింటి ఉప్పు కాదండోయ్. కాల్షియం, మెగ్నీషియం అన్నీ కలిసిన మెరైన్ సాల్ట్ మిక్స్ వేరే దొరుకుతుంది. అది కలిపి, నీళ్లలో ఉప్పెంతుందో చూపించే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత 1.025 దగ్గర ఆగాలి. హీటర్ 25 డిగ్రీల మీద పెట్టాం.

రాళ్లు, ఇసక సర్దడం ఒక మధ్యాహ్నం పని. అసలు పరీక్ష ఆ తర్వాతే. చేపల మలమూత్రాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది, అది చేపలకి విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడాలి. అందుకే చేపల్లేకుండానే అమ్మోనియా చుక్కలు వేస్తూ వాటిని పెంచాం. మాకు నలభై రోజులు పట్టింది. రోజూ వీడియో కాల్‌లో అమ్మ, "చేపలేవే? ఉత్త నీళ్లు పెంచుతున్నావా?" అని అడిగేది. నిజం చెప్పాలంటే, అవునమ్మా, నీళ్లే పెంచుతున్నా! మధ్యలో ఇసకంతా గోధుమరంగు తెట్టు కట్టింది. డయాటమ్స్ అంటారు, కంటికి కనిపించనంత చిన్న నాచు, వాటంతట అవే పోతాయి. నేను మాత్రం టెన్షన్‌తో రెండు రోజులు ఇసక తుడుస్తూనే ఉన్నాను.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాక నాలుగు నత్తలు తెచ్చాం. అప్పుడు చేశాను నా ఘనకార్యం. రోజూ లీటరు దాకా నీళ్లు ఆవిరైపోతుంటే, తగ్గినంతా ఉప్పునీళ్లే పోశాను. ఆవిరయ్యేది నీళ్లేగానీ ఉప్పు కాదు కదా! ఉప్పుమడిలో జరిగేదే మా హాల్లో జరిగింది. పదో రోజు చూస్తే రెండు నత్తలు గాజు మీంచి జారి ఇసకలో వెల్లకిలా పడున్నాయి. రిఫ్రాక్టోమీటర్ 1.029. ఒక్కసారిగా తగ్గిస్తే అదో దెబ్బ అని, నాలుగు రోజులపాటు కొంచెం ఉప్పునీరు తీసి, అంతే మంచినీళ్లు పోస్తూ దించాను. ఒక నత్త మళ్లీ గాజెక్కింది. రెండోది ఎక్కలేదు.

ఇప్పుడు హీరోలు. క్లౌన్‌ఫిష్ జంట. ఇవన్నీ పుట్టడం మగవిగానే పుడతాయి, జంటలో పెద్దది ఆడదవుతుంది. మా ఇంట్లో పెద్దది అప్పుడే పెత్తనం మొదలుపెట్టింది, అది దగ్గరికొస్తే చిన్నది ఒళ్లంతా వణికించి దారిస్తుంది. సముద్రంలో ఇవి అనిమోన్ అనే పువ్వులాంటి జీవిలో ఉంటాయి. అది లేకుండా బతకవా అంటే, బాగానే బతుకుతాయి. అనిమోన్‌కే కుదురుకున్న పాత ట్యాంకు కావాలి, మాకింకా దానికి టైముంది. మావి రాత్రిళ్లు హీటర్ పక్కన ఒరిగి పడుకుంటాయి.

కోరల్స్‌లో, అదే పగడపు జీవుల్లో, మష్రూమ్స్, జోఆంథిడ్స్ అనే రకాలతో మొదలుపెట్టాం. జోఆంథిడ్స్ పట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి అండీ. కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాళ్లని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో అస్సలు మరిగించకండి, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రిపాలైనవాళ్లున్నారు.

ఇదిగో, ఈ జోఆంథిడ్స్‌ని దగ్గరగా చూపిస్తాను. పొద్దున ముడుచుకుని గుండీల్లా ఉన్నాయి, లైటు పడ్డాక ఒక్కొక్కటే... ఉండండి, మోటారు గాలి పీలుస్తున్న చప్పుడు. నీళ్లు, మేం గుర్తుకి అంటించిన టేపు గీత కిందకి దిగినట్టున్నాయి. ఏమండీ, మంచినీళ్ల క్యాన్ ఇలా అందుకోండి. అది కాదు, పక్కది!