డాబా మీద సోలార్, అనుకున్నాం

వదిన: రికార్డవుతోందా?

మరిది: అవుతోంది. ఎర్ర చుక్క వెలుగుతోంది.

వదిన: పోయినసారీ వెలిగింది. నలభై నిమిషాలు గాలికి మాట్లాడాం.

మరిది: అది ఆ ఫోన్ వల్ల. సరే, అందరికీ నమస్కారం. ఇవాళ మీలో చాలామంది అడిగిన విషయం: అపార్ట్‌మెంట్‌కి సోలార్. వదిన రెండేళ్లు మా హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌కి ట్రెజరర్.

వదిన: రెండేళ్ల నాలుగు నెలలు. లెక్కలు అప్పగించుకునేవాడు దొరకలేదు మరి.

మరిది: ముందు డబ్బు సంగతి చెప్పేయండి.

వదిన: పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. విడి ఇంటికైతే 78,000 దాకా సబ్సిడీ. అది మనది కాదు. అపార్ట్‌మెంట్ సంఘానికి కామన్ మీటర్ మీద, అంటే లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు, బండ్ల చార్జింగ్, వీటికి కిలోవాట్‌కి 18,000. మనం 15 కిలోవాట్లు అనుకున్నాం, కాబట్టి 2,70,000. కానీ ముందు మన జేబులోంచి పెట్టుకోవాలి. నెట్ మీటర్, అంటే మనం వాడిందీ బయటికి పంపిందీ రెండూ లెక్కగట్టే మీటర్, అది బిగించాక గానీ సబ్సిడీ పడదు.

మరిది: కరెంటెంతొస్తుంది?

వదిన: కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు. మనకి 60. ముసురు పట్టిన రోజుల్లో తగ్గుతుంది.

మరిది: ఆ 60లో సగం మన మోటారే తాగేస్తుంది. ట్యాంక్ నిండాక కూడా తిరుగుతూనే ఉంటుంది. ఆటోకట్ పెట్టించండని 2019 నుంచి...

వదిన: మొదలెట్టావా.

మరిది: సరే, సరే. డాబా మీద చోటు?

వదిన: కిలోవాట్‌కి దాదాపు 100 చదరపు అడుగులు. 1,500 అడుగులు కావాలి. అక్కడే వచ్చింది గొడవ. పై అంతస్తాయన ఉన్నారు కదా.

మరిది: తెల్ల చొక్కా.

వదిన: ఆయనే. డాబా తనదేనట. బిల్డర్ నోటిమాటగా ఇచ్చాడట. రెరా, అదే రియల్ ఎస్టేట్ చట్టంలో కామన్ ఏరియాల కింద టెర్రస్ అని పేరు పెట్టి రాసుందండీ అన్నాను. "మన బిల్డింగ్ 2009ది, రెరాకి దీనికి ఏం సంబంధం" అన్నారు. సరే, మీ సేల్ డీడే తెండి అన్నాను. తెచ్చారు. మీటింగ్‌లో అందరి ముందూ చదివాను. స్థలంలో అవిభాజ్య వాటా, అంటే విడదీయని వాటా, ఇన్ని గజాలు అనుంది, డాబా అన్న మాటే లేదు.

మరిది: ఒప్పుకున్నారా?

వదిన: ఎక్కడ! తనకి మూడు ఫ్లాట్లున్నాయి కాబట్టి మూడు ఓట్లు కావాలన్నారు. మనది మ్యాక్స్, అదే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సహకార సంఘమండీ, సభ్యుడికి ఒకటే ఓటు అన్నాను. దాంతో ఆయన లేచి వెళ్లిపోయారు.

మరిది: బిర్యానీ తినకుండానా?

వదిన: పార్సెల్ కట్టించుకుని.

మరిది: ఒక మాట చెప్పనా వదినా? ఆయన భయం ఉత్తి భయం కాదు. స్లాబుకి బోల్టులు దింపితే వానాకాలంలో నీళ్లు కారేది ఆయన హాల్లోకే.

వదిన: అందుకే డ్రిల్లింగ్ వద్దన్నాం. కాంక్రీట్ దిమ్మెల మీద నిలబెడతారు. ఆ మాట వినేదాకా కూర్చుంటేగా! అసలు అడ్డం ఆయన కూడా కాదు.

మరిది: మరెవరు?

వదిన: వడియాలు.

మరిది: అదిగో!

వదిన: నవ్వకు. ఏప్రిల్‌లో పదకొండు కుటుంబాల చీరలు పరుస్తాం పైన. ప్యానెళ్లు ఎత్తు మీద పెడతాం, కింద మీ చోటు మీకే అన్నాడు సోలార్ అబ్బాయి. ఏమయ్యా, ప్యానెల్ నీడలో గుమ్మడి వడియం ఎండుతుందా? వాడికి జవాబు లేదు.

మరిది: దక్షిణం వైపు ప్యానెళ్లకి వదిలేసి...

వదిన: దక్షిణాన మీ అన్నయ్య పెట్టించిన ట్యాంకుంది. ఒక్క ప్యానెల్ మీద నీడ పడ్డా ఆ వరసంతా దిగిపోతుందట.

మరిది: ట్యాంక్ అంటే గుర్తొచ్చింది, ఫ్లోట్ వాల్వ్...

వదిన: నీకు దండం పెడతా.

మరిది: ఇంకోటి అడిగారు: కరెంటు పోతే సోలార్‌తో లిఫ్టు నడుస్తుందా?

వదిన: నడవదు. గ్రిడ్, అంటే బయటి లైను కరెంటు పోతే సోలార్ ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మన కరెంటు తగలకూడదుగా. బ్యాటరీలు పెట్టుకుంటే వేరే ఖర్చు.

మరిది: మరి ఎండాకాలం కోతల్లో గతేం?

వదిన: పూర్వం ఏం చేశాం? మామయ్య డాబా మీద పడుకునేవారు కదా.

మరిది: ఆ నవారు మంచం.

వదిన: సాయంత్రం నాలుగు బిందెల నీళ్లు చల్లి, వేడి దిగాక పక్క వేసేవారు. చివరి ఏడాది మెట్లెక్కలేకపోయినా ఆగి ఆగి ఎక్కారు. లిఫ్టు పైదాకా పోదుగా.

మరిది: ...ఊఁ.

వదిన: ప్యానెళ్ల లేఅవుట్ తెచ్చి చూపించాడు ఆ అబ్బాయి. సరిగ్గా ఆ మూలే. నేనేం అనలేదు.

మరిది: అనాల్సింది.

వదిన: ఏమని? ఎండ బాగా పడేది అక్కడే.

మరిది: మంచం ఎక్కడుందిప్పుడు?

వదిన: మీ ఇంట్లోనేగా.

మరిది: మా ఇంట్లో లేదు వదినా. మీరు స్టోర్‌రూమ్‌లో పెట్టించారు.

వదిన: నేనా? ఇల్లు మారినప్పుడు ట్రాలీలో ఎక్కించింది నువ్వే.

మరిది: అది మడత మంచం. ఇది కాదు.

వదిన: ఆగు, మీ అన్నయ్యని అడుగుదాం. ఏవండీ! ఆ స్టోర్‌రూమ్ తాళం...