పిల్లి గజ్జికి మనుషుల మందు పుయ్యకండి

సభకు నమస్కారం. బుట్టల్లో, సంచుల్లో, దుప్పట్లలో పిల్లుల్ని చుట్టుకొచ్చిన అమ్మలకు, అయ్యలకు మరీ నమస్కారం. 1885లో ఇదే జులై 6న పాశ్చర్ తయారుచేసిన పిచ్చికుక్క కాటు టీకా జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదలుపెట్టారు. అందుకే ఈ రోజు జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం. టీకా గురించి నా తర్వాతివాళ్లు చెబుతారు. నాకిచ్చిన సమయమంతా గజ్జికే కావాలి. అదీ పిల్లి నుంచి మనకు అంటేదే.

పిల్లి గజ్జి పురుగు పేరు నోటోయెడ్రిస్ క్యాటి. కంటికి ఆనదు. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని అందులోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలి, పిల్ల పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి, మందు లెక్క దీనిమీదే నడుస్తుంది.

మొదట చెవి అంచు చూడండి. వేలితో తడిమితే గరుకు కాగితంలా తగులుతుంది. అక్కడి నుంచి నుదురు, కనురెప్పలు, మెడ. బూడిదరంగు పెచ్చులు కట్టి, చర్మం ముడతలు పడి, ఏడాది పిల్లికి కూడా ముసలి ముఖం వస్తుంది. ఆ తర్వాత ముందు కాళ్లు, తోక మొదలు. ఎందుకంటే గోకేది ఆ కాళ్లతోనే, పడుకునేటప్పుడు ముఖం పెట్టుకునేది తోక దగ్గరే. చెవి లోపల కాఫీ పొడిలాంటి నల్లటి గుబిలి ఉంటే అది వేరే పురుగు, ఓటోడెక్టిస్. దూది పుల్ల పెట్టి తవ్వకండి, గుబిలి ఇంకా లోపలికి పోతుంది.

చూడగానే గజ్జి అనుకోవద్దు, తామర కూడా ఇలాగే కనిపిస్తుంది. డాక్టరు బ్లేడుతో చర్మం గీరి, చుక్క పారాఫిన్ నూనెలో వేసి, మైక్రోస్కోపు కింద చూస్తే తేలుతుంది. షాపులో దురదకని ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దురద తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల జబ్బు పాకుతూనే ఉంటుంది.

ఇక నేను చెప్పడానికి వచ్చిన మాట. ఇంట్లో ఎవరికో గజ్జి వస్తే పెర్మెత్రిన్ క్రీము రాస్తారు. ట్యూబు సగం మిగులుతుంది. పిల్లికీ గజ్జే కదా అని ఆ మిగిలింది దానికి పూస్తారు. మనిషికి అది మంచి మందే. కుక్కల గోమారి మందుల్లోనూ ఉంటుంది. పిల్లికి మాత్రం విషం. ఇలాంటివాటిని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పైగా ఒంటిమీద ఏం పూసినా నాకేస్తుంది, పూసిందంతా కడుపులోకే. కొన్ని గంటల్లో చెవులు, ముఖం అదురుతాయి. తర్వాత ఒళ్లంతా వణుకు, ఆపైన ఫిట్స్.

వెనక వరసలో వినపడుతోందా అమ్మా? మళ్లీ చెబుతున్నాను, పెర్మెత్రిన్. ట్యూబు మీద ఆ పేరుంటే పిల్లికి వద్దు.

పొరపాటున పూసేశారా? ఇంకా వణుకు లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్‌తో, గోరువెచ్చని నీళ్లతో కడగండి. వేడినీళ్లు పోస్తే మందు ఇంకా లోపలికి ఇంకుతుంది, చన్నీళ్లు పోస్తే ఒళ్లు చల్లబడి విషం ఎక్కువవుతుంది. పాలు తాగించకండి, వాంతి చేయించకండి. తుడిచి, తువ్వాలులో చుట్టి, మందు పెట్టెతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి. వణుకు మొదలైతే కడగడానికి కూడా ఆగకండి. దీనికి విరుగుడు మందు లేదు, ఫిట్స్ అదుపు చేస్తూ నిలబెట్టడమే. ఎంత ముందు వస్తే అంత ఆశ.

కిరోసిన్, ఫినాయిల్, పాత ఇంజనాయిల్, కర్పూరం నూనె, బెంజైల్ బెంజోయేట్ లోషన్, ఇవన్నీ ఆ వరసలోవే. దయచేసి ముట్టుకోకండి.

ఒంటిమీది పురుగుల్ని చంపే ఐవర్‌మెక్టిన్ మందు గురించి ఎవరో ఒకరు అడుగుతారు. డాక్టర్లు వాడతారు, పనిచేస్తుంది. చిక్కు కొలతలో ఉంది. పశువులకిచ్చే ఒక శాతం ఇంజెక్షన్‌లో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటాయి. కిలోకు 200 మైక్రోగ్రాముల చొప్పున మూడు కిలోల పిల్లికి కావలసింది 0.06 మిల్లీలీటరు. 40 గీతల ఇన్సులిన్ సిరంజిలో రెండున్నర గీతలు కూడా నిండదు. చుక్క స్థానం తప్పి 0.6 ఎక్కిస్తే పదింతలు. కనుపాపలు విచ్చుకుని, తూలి, చూపు పోయి, పడిపోతుంది. మనుషుల 12 మిల్లీగ్రాముల బిళ్లైతే ఇరవై ముక్కలు చేసి ఒక ముక్క ఇవ్వాలి, ఏ చాకుతో కోస్తారు? వీధి పిల్లుల అన్నంలో కలపడం ఇంకా ప్రమాదం. బలమైనది మూడింటి వాటా తినేస్తుంది, పిల్లకూన ఆకలితో మిగులుతుంది.

ఇంట్లో మీ చేత్తో వేయదగ్గది, డాక్టరు రాసిస్తే, చర్మం మీద పోసే సెలామెక్టిన్ చుక్కల మందు. కిలోకు కనీసం 6 మిల్లీగ్రాములు పడాలి. ముందు పిల్లిని ఎత్తుకుని తూకం చూసుకోండి, తర్వాత ఒక్కరే నిలబడి చూసుకుని తీసేయండి. రెండున్నర కిలోల లోపు పిల్లికి 15, ఆపైన ఏడున్నర కిలోల దాకా 45 మిల్లీగ్రాముల ట్యూబు. కుక్కల ట్యూబు కొని పంచకండి, అందులో మందు రెట్టింపు చిక్కగా ఉంటుంది. మెడ వెనక, పుర్రె కింద, నాలుక అందనిచోట వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే పోయండి. బొచ్చు మీద పోస్తే డబ్బు దండగ. రెండు గంటలు స్నానం వద్దు. నెల తర్వాత మళ్లీ వేయాలి, ఎందుకో ఇందాక చెప్పిన గుడ్ల లెక్క చూసుకోండి. ముఖం తేటపడింది కదా అని ఆ రెండోది మానేస్తేనే జబ్బు తిరగబెడుతుంది. పెచ్చులు గిల్లకండి, వాటంతటవే రాలతాయి.

ఇంట్లో నాలుగు పిల్లులుంటే నాలుగింటికీ ఒకే రోజు వేయాలి, గోక్కోనివాటికి కూడా. అవి పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. కొత్త పిల్లిని తెస్తే మూడు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెతో ఉంచండి. గజ్జి పిల్లిని ఎత్తుకున్నవాళ్ల ముంజేతుల మీద, పొట్ట మీద దురద పొక్కులు వస్తే భయపడకండి. ఈ పురుగు మన చర్మం మీద సంతానం పెంచుకోలేదు, పిల్లికి నయమైతే మనకూ తగ్గుతుంది. రెండు మూడు వారాలకూ తగ్గకపోతే చర్మం డాక్టరుకు చూపించుకోండి.

పిల్లికి వాడుతున్న మందుల పెట్టెలు తెమ్మని ముందే చెప్పాం కదా, అవి ఈ బల్ల మీద పెట్టండి. వాటి మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు ఒక్కొక్కటీ కలిసి చదువుదాం.