బెంగళూరులో వాన: మీ వీధిలోనా, పక్క వీధిలోనా?

[బాల్కనీలో కెమెరా. వెనక ఆకాశం ఒక పక్క నల్లగా, ఇంకో పక్క ఎండ]

మొన్న సాయంత్రం మా అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసి, "ఏరా, అక్కడ వడగళ్ల వానంటగా, టీవీలో చూపిస్తున్నారు, ఇంట్లోనే ఉన్నావా?" అంది. నేనేమో మారతహళ్లిలో ఫ్యాన్ ఐదులో పెట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నా. చుక్క లేదు. టీవీలో చూపించింది యలహంక, ఇక్కణ్ణుంచి ఇరవై కిలోమీటర్లు, అంతే. అమ్మ నమ్మలేదు, నేనేదో తడిసి జ్వరం తెచ్చుకుని దాస్తున్నానని ఆవిడ అనుమానం.

అందుకే ఈ వీడియో. ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరుకి వాతావరణ సూచన ఎలా చదవాలి, వచ్చే నాలుగైదు రోజులకి అందులోంచి పనికొచ్చేది ఎంత, అదే మాట్లాడుకుందాం.

[స్క్రీన్ మీద: "ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు"]

ఈ సీజన్‌లో బులెటిన్ తెరిస్తే రోజు మార్చి రోజు ఇదే వాక్యం కనిపిస్తుంది. మనం దాన్ని "ఏదో కాస్త చినుకులు" అని చదువుకుంటాం. అది వాన ఎంత పడుతుందో చెప్పే మాట కాదండీ, ఎంత మేర పడుతుందో చెప్పే మాట. వాతావరణ శాఖ లెక్కలో "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతానికి మించకుండా. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం. పైగా ఆ ప్రాంతం అంటే బెంగళూరు ఒక్కటే కాదు, దక్షిణ ఇంటీరియర్ కర్ణాటక మొత్తం, అటు చిత్రదుర్గ నుంచి ఇటు చామరాజనగర దాకా. అంత పెద్ద నేలలో నాలుగో వంతు చోట్ల కూడా పడకపోవచ్చు, కానీ పడిన చోట మాత్రం గంటలో రోడ్లు కాలవలైపోవచ్చు. యలహంకలో వడగళ్లు, మా దగ్గర ఉక్కపోత. రెండూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి, సూచన తప్పలేదు.

అసలు ఇలా ముక్కలు ముక్కలుగా ఎందుకు పడుతుంది? మన టీవీల్లో "విదర్భ నుంచి తమిళనాడు వరకు ద్రోణి" అని చెబుతుంటారు కదా, వినీ వినీ పట్టించుకోవడం మానేశాం. ద్రోణి అంటే గాలి పీడనం తక్కువగా ఉండే పొడుగాటి గీత. వేసవిలో కథంతా ఆ గీత దగ్గరే ఉంది. దానికి తూర్పున బంగాళాఖాతం నుంచి తేమ మోసుకొచ్చే గాలి, పడమర నుంచి పొడిగాలి, రెండూ అక్కడ తగులుకుంటాయి. ఆ గీత కాస్త ఇటు జరిగితే మనకి తేమ అందుతుంది, అటు జరిగితే ఒట్టి ఎండ. తేమ అందిన రోజున నేల మధ్యాహ్నం దాకా కాలి, గాలి వేడెక్కి పైకి లేచి, పదీ పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దాకా మేఘం గోపురంలా పెరుగుతుంది. ఒక్కో గోపురం అడుగు కొన్ని కిలోమీటర్ల వెడల్పే, దాని కింద ఉన్నవాళ్లకే వాన. ఏ లేఅవుట్ మీద లేస్తుందో పొద్దున్నే చెప్పడం ఎవరి వల్లా కాదు.

తేమ అస్సలు అందకపోతే ఏమవుతుందో 2024 ఏప్రిల్‌లో చూశాం. నెలంతా నగర వాతావరణ కేంద్రంలో కొలవదగ్గ వాన లేదు, చివర్లో ఎండ 38.5 డిగ్రీలకి పోయింది. ఇక్కడి రికార్డు 39.2, అది 2016 ఏప్రిల్‌ది. విజయవాడ వాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోండి, ఏసీ లేని పై అంతస్తులో ఓ రాత్రి పడుకుని అప్పుడు మాట్లాడండి.

ఇక్కడ మనవాళ్లు పొరబడే సంగతి ఒకటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని విని పెరిగాం కాబట్టి, ఏప్రిల్‌లోనే ఇలా ఉంటే మేలో ఏమైపోతామో అని టెన్షన్ పడతాం. బెంగళూరులో లెక్క తిరగబడుతుంది. అన్నిటికంటే వేడి నెల ఏప్రిలే. నగరం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉండటం ఒక కారణం, సాయంత్రపు వానలు రెండో కారణం. సగటున మార్చిలో దాదాపు 15 మిల్లీమీటర్లు, ఏప్రిల్‌లో 60 పైన, మేలో 125 దాటి పడుతుంది. అక్కడ రోళ్లు పగిలే రోజులకి ఇక్కడ రాత్రి దుప్పటి వెతుక్కుంటాం.

[చెట్టు కొమ్మల క్లిప్]

ఈ జల్లులకి కన్నడ వాళ్లూ మనమూ మామిడి పేరే పెట్టుకున్నాం, మామిడి జల్లులని. కోలారు దగ్గర శ్రీనివాసపుర వైపు, తెలుగు బాగా వినిపించే ఊళ్లే అవి, తోటల వాళ్లకి వాన కావాలి, గాలి వద్దు. రెండూ కలిసే వస్తాయి, అదే తంటా. మేఘంలోంచి చల్లగాలి కిందకి దూకి, వాన కంటే ముందే చుట్టూ పరుచుకుంటుంది. మట్టివాసన వచ్చిందంటే, గాలి ఉన్నట్టుండి చల్లబడిందంటే చేతిలో పది నిమిషాలే ఉన్నాయనుకోండి. బైకు చెట్టు కింద ఆపకండి, మరీ ముఖ్యంగా గుల్‌మొహర్ కింద, దాని కొమ్మలు ఇట్టే విరుగుతాయి. అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచి కనిపిస్తే ముందు కారు దాటిందని మీరూ దిగొద్దు. 2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి చనిపోయిన అమ్మాయి ఆంధ్ర నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చినమ్మాయే.

మరి వచ్చే నాలుగైదు రోజులకి ఏం చేయాలి? నేను చేసేది చెబుతా. పొద్దున బులెటిన్‌లో రెండే చూస్తా: ద్రోణి ఎక్కడుంది, హెచ్చరిక రంగు ఏంటి. పచ్చ అయితే మామూలు, పసుపు అయితే కన్నేసి ఉంచాలి, నారింజ అయితే సాయంత్రం మీటింగ్ ఇంటి నుంచే. తర్వాత దాని జోలికి వెళ్లను. మధ్యాహ్నం రెండింటికి మేడెక్కి చూస్తా, మేఘాలు కాలీఫ్లవర్‌లా అంచులు గట్టిగా పైకి పెరుగుతుంటే అప్పుడు మూడు గంటల సూచన, అదే నౌకాస్ట్, తెరుస్తా. ఫోన్‌లో "సాయంత్రం 5 గంటలకి 40 శాతం వాన" అని చూపించే యాప్‌ని నమ్మి ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి, బట్టలన్నీ పిండుకున్న రోజులు నాకు చాలానే ఉన్నాయి.

మా అమ్మావాళ్లు ఎండలకి ఇక్కడికి వస్తామంటున్నారు. మే పదిహేను దాటాక రమ్మన్నా. లాల్‌బాగ్ పొద్దున్నే చూపిస్తా, మూడు కొట్టేసరికి ఇల్లు చేరిపోవాలని ముందే చెప్పా. గొడుగు ఒక్కటి చాలదు, మడత పెట్టే రెయిన్‌కోట్ కూడా తెచ్చుకోమన్నా.