మూడు లెక్కలకీ ఆరే ఎందుకొచ్చింది?

నమస్కారమండీ. మా పాప ఒకటో తరగతి. మొన్న దాని నోటుబుక్కు తిరగేస్తుంటే ఓ పేజీలో మూడు తీసివేతలు కనిపించాయి. ఎనిమిదిలోంచి మూడు, తొమ్మిదిలోంచి నాలుగు, ఏడులోంచి రెండు. మూడింటికీ ఆరే రాసింది. మూడింటికీ ఎర్ర ఇంటూలు.

నిజం చెప్తున్నా, నాకు ముందు కోపమే వచ్చింది. చూడకుండా ఆర్లు వేసుకుంటూ పోయిందనుకున్నా. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "ఏదీ, ఇది ఎలా చేశావో నాకు చేసి చూపించు" అన్నాను. మూడు వేళ్లు చాచింది. ఒక్కో వేలూ ముడుస్తూ "ఎనిమిది, ఏడు, ఆరు" అంది. వేళ్లయిపోయాయి. ఆరు!

చూశారా? అది ఊహించి రాసిన జవాబు కాదు. మూడు లెక్కలూ ఒకే పద్ధతిలో, శ్రద్ధగా చేసింది. కాకపోతే బయల్దేరిన అంకెను కూడా ఒకటిగా లెక్కేసుకుంటోంది. అందుకే ప్రతి జవాబూ సరిగ్గా ఒకటి ఎక్కువ. పదిసార్లు ఇంపోజిషన్ రాయిస్తే ఇది పోదండీ, ఇంకా గట్టిపడుతుంది.

దీనికి మందు మా అత్తగారు చెప్పారు, అదీ లెక్కల గురించి కాదు. సాయంత్రం ఇద్దరూ వైకుంఠపాళి ఆడుతున్నారు. పాప కాయ ఎనిమిదో గడిలో ఉంది, మూడు పడింది. ఉన్న గడి మీదే కాయతో టక్కుమని కొట్టి "ఒకటి" అంది, తొమ్మిది మీద "రెండు", పది మీద "మూడు". అత్తగారు చెయ్యి పట్టుకుని, "నిలబడ్డ గడి లెక్కలోకి రాదే. అడుగు పడితేనే ఒకటి" అన్నారు. నోటుబుక్కులో తప్పు, పటం మీద తప్పు ఒకటేనని నాకు అప్పుడు వెలిగింది.

మర్నాడు వరండాలో సుద్దముక్కతో సున్నా నుంచి ఇరవై దాకా గళ్లు గీశాను. "ఎనిమిదిలో నించో. మూడు అడుగులు వెనక్కి." కాలు కదిలితేనే ఒకటి. ఐదులో ఆగింది. నా వైపు చూసింది, కింద అంకె చూసింది, లోపలికి పరిగెత్తి నోటుబుక్కు తెచ్చుకుంది. ఆ ఆర్లు తనే కొట్టేసింది.

కూడికతో ఇంత గొడవ లేదు. అక్కడ పిల్లలు ఎక్కువగా చేసేదేంటంటే, ఐదుకి మూడు కలపమంటే ఆ ఐదూ మళ్లీ ఒకటి నుంచి మొదలెడతారు. ఐదు చింతపిక్కలు వాళ్ల ముందే లెక్కపెట్టి గిన్నె బోర్లించండి. పక్కన మూడు పెట్టండి. గిన్నె మీద చెయ్యేసి "ఐదు" అనాలి, అక్కణ్నుంచి ఆరు, ఏడు, ఎనిమిది. రెండుకి తొమ్మిది కలపాలంటే తొమ్మిదినే గిన్నె కింద పెట్టడం మంచిదని కొన్నాళ్లకి వాళ్లే కనిపెడతారు. మీరు చెప్పకండి, ఆ సరదా వాళ్లకే వదిలేయండి.

నా ఉద్దేశంలో అసలు చిక్కు "తీసివేత" అనే మాటలోనే ఉంది. తీసెయ్యడమంటే ఉన్నవాటిలోంచి కొన్ని పోవడం, అంతవరకు పిల్లలకి తెలుసు. "నీ దగ్గర ఎనిమిది గోళీలు, తమ్ముడి దగ్గర ఐదు. నీకెన్ని ఎక్కువ?" అనండి. చాలామంది "ఎనిమిది" అంటారు. ఎవరూ ఏమీ తియ్యలేదు కదా మరి! 1983లో హడ్సన్ అనే పరిశోధకుడు పిల్లలకి పక్షుల బొమ్మలు, పురుగుల బొమ్మలు చూపించి, పురుగులకన్నా పక్షులు ఎన్ని ఎక్కువ అని అడిగితే చాలామంది తికమకపడ్డారు. అదే బొమ్మ చూపించి, పక్షులన్నీ పురుగుల కోసం ఎగబడితే ఎన్ని పక్షులకి పురుగు దొరకదు అంటే చాలామంది సరిగ్గా చెప్పారు. బొమ్మ మారలేదు, అడిగిన తీరు మారింది. నేను మా ఇంట్లో "తమ్ముడికి కూడా నీకున్నన్ని ఉండాలంటే ఇంకా ఎన్నివ్వాలి?" అంటాను. వెంటనే చెప్పేస్తుంది. ఇవ్వదనుకోండి, చెప్తుంది.

ఇంకో మాట. ఇంగ్లీషు మీడియమైనా సరే, లెక్క ముందు తెలుగులో అననివ్వండి. థర్టీన్, థర్టీ వినడానికి దగ్గరగా ఉంటాయి, పిల్లలు తడబడతారు. పదమూడులో పదీ ఉంది, మూడూ ఉంది. పన్నెండు, పంతొమ్మిది కాస్త వంకర తిరిగాయి గానీ, ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు, అంతా తిన్నని రోడ్డే. ఎనిమిది పిక్కలు, ఐదు పిక్కలు పెట్టి, ఐదులోంచి రెండు ఇటు జరిపితే పది, మిగిలినవి మూడు. పదమూడు! జవాబు పేరులోనే ఉంది.

ఎల్‌కేజీకే రెండంకెల లెక్కలు రావాలని కంగారుపడే వాళ్లకి ఒకటి చెప్పాలి. చిన్న తరగతుల పిల్లలకి చదువు, లెక్కల పునాది గట్టిపడాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాలు చూస్తే, ఒకటో తరగతి పూర్తయ్యేసరికి 99 దాకా చదవడం, రాయడం, చిన్న చిన్న కూడికలు, తీసివేతలు. అంతే. పక్కింటి పిల్లాడు అబాకస్‌కి వెళ్తున్నాడా, వెళ్లనివ్వండి.

ఇక ముప్ఫై రెండులోంచి ఎనిమిది. "రెండులోంచి ఎనిమిది పోదు, పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని మనకి నేర్పారు. ఆ అప్పు ఎప్పుడైనా తీర్చామా? నాకు చిన్నప్పుడు ఇదే అనుమానం, అడిగితే మొట్టికాయ పడింది. దానికి సరైన మాట మన దగ్గరే ఉంది, చిల్లర. దుకాణం ఆట ఆడాం. పాప దగ్గర మూడు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు. నేను కొట్టువాణ్ని. "ఎనిమిదమ్మా, సరిగ్గా ఇవ్వాలి." బిళ్లలు చాలవు. నానమ్మ డబ్బా దగ్గరికెళ్లి ఒక నోటిచ్చి పది బిళ్లలు తెచ్చుకుంది. ఇప్పుడు బిళ్లలు పన్నెండు. ఎనిమిది నాకిస్తే నాలుగు మిగిలాయి, నోట్లు రెండు. ఇరవై నాలుగు. నోటుబుక్కులో మూడు కొట్టేసి పైన రెండు వేస్తాం చూడండి, అది నానమ్మ డబ్బాలోకి పోయిన నోటు. అందరం ఫోన్‌పే చేసేస్తున్నాం కదా, పిల్లలకి చిల్లర కంటపడటమే తగ్గిపోయింది. వారానికోసారైనా నోట్లు తీసుకెళ్తున్నాను.

నిన్న అలాగే కొట్టుకెళ్లాం. ఇరవై ఎనిమిది రూపాయలైంది, పాప మూడు పది నోట్లిచ్చింది. చిల్లర లేదని ఆయన ఓ రూపాయి చాక్లెట్ చేతిలో పెట్టాడు. ఇది కదల్లేదు. "ఇరవై ఎనిమిది..." అని కాసేపాగి, ఒక వేలు మడిచి "ఇరవై తొమ్మిది", ఇంకో వేలు మడిచి "ముప్ఫై" అంది. ఆ రెండు వేళ్లూ ఆయనకి చూపించి, "తాతా, ఇంకోటి రావాలి."