ఫ్రేజియర్ ఎడమ హుక్ మోకాళ్లలో మొదలవుతుంది

అందరికీ నమస్కారం.

బాక్సర్ జో ఫ్రేజియర్ పేరు చెప్పగానే ఎడమ హుక్, అంటే మోచెయ్యి మడిచి పక్కనుంచి కొట్టే పంచ్, గుర్తొస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు నేరుగా దాన్నే పట్టుకుంటారు. పంచింగ్ బ్యాగ్ ముందు నిలబడి, చెయ్యి వెనక్కి లాగి, ఊపి కొడతారు. అది ఫ్రేజియర్ హుక్ కాదు. ఆయన చెయ్యి కదిలే ముందు తల కదిలేది, తల కంటే ముందు మోకాళ్లు వంగేవి. ఈ పూట ఆ వరుస గురించే మాట్లాడదామని వచ్చాను.

ముందు కొలతలు చూడండి. ఎత్తు 6 అడుగులకు అర అంగుళం తక్కువ. చేతుల చాపు, అంటే రెండు చేతులూ బార్లా చాచితే వచ్చే పొడవు, 73 అంగుళాలు. మహమ్మద్ అలీ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, చాపు ఈయన కంటే కనీసం 5 అంగుళాలు ఎక్కువ. అంటే అలీ జాబ్ (ముందు చేత్తో తిన్నగా వేసే పంచ్) ఈయనకు తగులుతుంది, ఈయన పంచ్ అలీకి అందదు. ఆ మధ్యనున్న జాగాను దెబ్బ తినకుండా దాటడమెలా? ఫ్రేజియర్ శైలి అంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు.

జీవితం క్లుప్తంగా చెబుతాను. 1944లో దక్షిణ కరోలినాలోని బ్యూఫోర్ట్‌లో పుట్టాడు. చిన్నప్పుడు పంది తరిమితే పడి ఎడమ చెయ్యి దెబ్బతింది, ఆ తర్వాత అది పూర్తిగా చాచడానికి రాలేదు. ఫిలడెల్ఫియా చేరి కబేళాలో పనిచేశాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు బస్టర్ మాథిస్ వెళ్లాల్సింది. అతనికి గాయమైతే బదులుగా వెళ్లిన ఫ్రేజియర్, ఎడమ చేతి బొటనవేలు విరిగినా బంగారు పతకంతో తిరిగొచ్చాడు. 1965లో ప్రొఫెషనల్ అయ్యాడు. కోచ్‌లుగా తీర్చిదిద్దింది యాంక్ డర్హమ్, పదును పెట్టింది ఎడ్డీ ఫ్యూచ్.

ఇక అసలు విషయానికొద్దాం. ఎడమ కాలు ముందుపెట్టి నిలబడ్డ ఇద్దరు ఎదురెదురుగా ఉన్నారనుకోండి. అవతలివాడు ఎడమ జాబ్ వేశాడు. ఫ్రేజియర్ తల కుడి పక్కకు జారుతుంది, జాబ్ ఎడమ భుజం మీదుగా పోతుంది. జాబ్ వెనకే కుడి చేతి పంచ్ వస్తుంది కదా, ఇప్పుడు మోకాళ్లు వంచి, దాని కింద నుంచి తలను ఎడమ పక్కకు తెస్తాడు. తల గీసే గీత గిన్నె అడుగులా ఉంటుంది. ఎడమ వైపు తేలేసరికి ఒంటి బరువంతా ఎడమ కాలి మీద ఉంది, తుంటి చుట్టుకుని ఉంది. ఎదుటివాడి కుడి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, కుడి దవడకు కాపలా లేదు. ఇక మడమ బయటికి తిప్పి, తుంటి విప్పి, పైకి లేస్తే చాలు. మోచెయ్యి మడిచే ఉంటుంది, చెయ్యి దానంతటదే వస్తుంది. అదే కదలికలో కిందికి కొడితే పక్కటెముకల కింద కాలేయానికి తగులుతుంది. తప్పించుకోవడం, కొట్టడం ఆయనకు రెండు పనులు కావు.

నేర్పేటప్పుడు భుజం ఎత్తులో తాడు కట్టండి. దాని కిందుగా అటూ ఇటూ తల తెస్తూ ముందుకు నడవాలి. మూడు నిమిషాలు నడక, ఒక నిమిషం విరామం. మొదట్లో పంచ్‌లు వద్దే వద్దు. ఎక్కువమంది చేసే తప్పు, మోకాళ్లకు బదులు నడుము వంచడం. నడుము వంగితే చూపు నేల మీదికి పోతుంది, గడ్డం కాలి బొటనవేలిని దాటి ముందుకొస్తుంది, అక్కడ అప్పర్‌కట్ (కింద నుంచి పైకి కొట్టే పంచ్) తప్పదు. తాడుకు తల తగలకుండా ఉండేంత వంగితే చాలు, లోతు ఎక్కువైతే లేవడం ఆలస్యమవుతుంది. ఇంకో తప్పు, ఒకే తాళంలో ఊగడం. మూడోసారికల్లా ఎదుటివాడికి లెక్క దొరికిపోతుంది.

1971 మార్చి 8, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్, అలీతో పోరు. అలీ కుడి చేత్తో అప్పర్‌కట్ వేయబోయే ముందు ఆ చేతిని కిందికి దించుతాడని ఫ్యూచ్ ముందే పసిగట్టాడు. 15వ రౌండ్‌లో ఆ చెయ్యి దిగింది, కింద నుంచి లేచిన హుక్ దవడకు తగిలింది, అలీ వెల్లకిలా పడ్డాడు. వెంటనే లేచాడు, అది ఆయన గొప్పతనం. రెఫరీ, ఇద్దరు జడ్జిలు ముగ్గురూ ఫ్రేజియర్‌నే గెలిపించారు. ఆ వీడియో చూసేటప్పుడు పిడికిలి వదిలేసి ఎడమ మోకాలిని చూడండి.

ఈ శైలికి చెల్లించాల్సిన ధర కూడా ఉంది. ఒళ్లు వేడెక్కి, లయ కుదిరేవరకు ఆయన గార్డు (దెబ్బలకు అడ్డుపెట్టే కాపలా) పలచగా ఉండేది. 1966లో ఆస్కార్ బొనవేనా రెండో రౌండ్‌లోనే రెండుసార్లు పడగొట్టాడు, అయినా ఫ్రేజియరే గెలిచాడు. 1973లో కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ ముందు ఆ అదృష్టం దక్కలేదు. ఫోర్‌మన్ చేతులు చాచి, ఈయన్ను భుజాలు పట్టి నెట్టి, తనకు అనువైన దూరంలో నిలబెట్టాడు. మళ్లీ వంగి లోపలికి వచ్చేటప్పుడు అప్పర్‌కట్ సిద్ధంగా ఉండేది. రెండు రౌండ్లలో ఆరుసార్లు పడ్డాడు. పడి లేచిన ప్రతిసారీ పక్కకు జరగకుండా తిన్నగా ఎదురెళ్లాడు. ధైర్యం తక్కువై ఓడలేదు, దారి మార్చక ఓడాడు. ఈ తేడా శిష్యులకు విడమరిచి చెప్పాలి.

1975లో మనీలాలో అలీతో జరిగిన పోరు ఇంకో సంగతి చెబుతుంది. తల కదలాలంటే ముందు పంచ్ కనబడాలి. 14వ రౌండ్ ముగిసేసరికి ఫ్రేజియర్ ముఖం వాచిపోయింది, అలీ కుడి చెయ్యి ఎటునుంచి వస్తోందో ఆయనకు కనబడటం లేదు. కొనసాగిస్తానని ఫ్రేజియర్ పట్టుబట్టినా ఫ్యూచ్ ఒప్పుకోలేదు, పోరు ఆపించాడు. మిగిలింది ఒక్క రౌండే. కోచ్‌లుగా మీలో చాలామందికి ఆ నిమిషం విరామంలో నిర్ణయం తీసుకోవాల్సిన రోజు వస్తుంది. అప్పుడు స్కోరు చూడకండి, మీవాడి ముఖం ముందు వేలు కదిలించి, వాడి కళ్లు దాన్ని అందుకుంటున్నాయో లేదో చూడండి.