ఐదు గంటల పాలు

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఈ సమావేశం పెట్టినవారి ఇంట్లో చిన్నపిల్లలు ఉండే ఉంటారు. పిల్లలు పడుకుని, తల్లులకు కాస్త ఊపిరి ఆడే వేళ ఇదే కదా.

నేను ముప్పై ఏళ్లు నెల్లూరులో పిల్లల వార్డులో నర్సుగా పనిచేశాను. రిటైరయ్యాక బెంగళూరు వచ్చి, ఇక్కడే మారతహళ్లిలో మా అమ్మాయి దగ్గర ఉంటూ మనవడిని చూసుకుంటున్నాను. పిల్లల పాలు, నిద్ర గురించి వార్డులో వందల మంది తల్లులకు చెప్పిన మాటలను నా ఇంట్లో నేనే గాలికి వదిలేశాను. ఇవాళ చెప్పేది ఆ సంగతే.

అప్పుడు వాడికి ఏడాదిన్నర. తెల్లవారుజామున నాలుగూ నలభైకి లేచి, మంచం మీద నిలబడి, వంటింటి వైపు చెయ్యి చాపేవాడు. అమెరికా వాళ్లతో కాల్స్ ముగించి మా అమ్మాయి పడుకునేసరికి పన్నెండు దాటుతుంది. దాన్ని లేపడం ఎందుకని నేనే వెళ్లి లైటు వేసి, ఫ్రిజ్‌లోంచి ప్యాకెట్ తీసి, మూల కత్తిరించి, పాలు కాచి, చెంచాడు చక్కెర వేసి సీసాలో పోసేదాన్ని. పది నిమిషాల్లో సీసా ఖాళీ, వాడు నిద్ర. అమ్మమ్మ గెలిచింది! వారం తిరిగేసరికి నాలుగూ ఇరవైకే లేవడం మొదలుపెట్టాడు.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. మా వాడు రెండూ ఎరిగినవాడు. ఏ గంటకు లేస్తే ఏ రుచి అందుతుందో లెక్క కట్టుకున్నాడు.

తెల్లవారుజామున ఎవరి నిద్రైనా పలచబడుతుంది. పగలంతా పోగైన అలసట అప్పటికి చాలావరకు తీరిపోయి ఉంటుంది. నిద్రకు తోడ్పడే మెలటోనిన్ కూడా ఆ వేళకు తగ్గుముఖం పడుతుంది. పాల క్రేట్లు దించే చప్పుడు, పక్కింటి కుక్కరు కూత చాలు, మెలకువ రావడానికి. మెలకువ రావడం తప్పేమీ కాదు. వచ్చినప్పుడు దీపం, తీపి, అమ్మమ్మ మూడూ దొరికితే ఒళ్లు ఆ గంటను గుర్తుపెట్టుకుంటుంది. వాడిని లేపుతున్న అలారం నేనే.

ఇక పాల లెక్క. ఇక్కడ పొడి చెత్త వేరుగా ఇవ్వాలి కాబట్టి పాల కవర్లు కడిగి ఒక సంచిలో వేస్తాను. ఒక ఆదివారం ఆ సంచి బోర్లించి లెక్కపెట్టాను. కాఫీకి, పెరుగుకు తెచ్చేది వేరే రంగు ప్యాకెట్, కనుక పొరపాటుకు వీల్లేదు. వారంలో వాడొక్కడే తాగినవి పదమూడు అరలీటరు ప్యాకెట్లు! అంటే రోజుకు తొమ్మిది వందల మిల్లీలీటర్ల పైమాటే. ఏడాది దాటిన బిడ్డకు అరలీటరు చాలు. మన జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు కావలసిన కాల్షియం 500 మిల్లీగ్రాములు. ఆవుపాలైతే అరలీటరులోనే సుమారు 600 ఉంటుంది. ఇనుము సంగతి వేరు. రోజుకు 8 మిల్లీగ్రాములు కావాలి. లీటరు పాలు తాగినా ఒక మిల్లీగ్రాము రాదు. పైగా పాలతో కడుపు నిండితే పప్పన్నం దగ్గర మూతి తిప్పేస్తాడు, తిన్న కొంచెంలోని ఇనుమును కూడా పాలు సరిగా ఒంటబట్టనివ్వవు. మా వాడికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తొమ్మిదే, అంటే రక్తహీనత. ఇంట్లో నర్సును పెట్టుకుని!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందరిదీ పాల వల్లే అనడం లేదు, కానీ మనలాంటి ఇళ్లలో పాలను అనుమానించాలని ఎవరికీ తోచదు. తల్లిపాలు ఇస్తున్నవారు కంగారు పడవద్దు, నేను మాట్లాడేది ప్యాకెట్ పాల గురించి.

ఏం చేశామంటే, తెల్లవారుజాము సీసాలో రెండు రోజులకోసారి ముప్పై మిల్లీలీటర్లు తగ్గించాం. చక్కెర మొదటి రోజే మానేశాం, రెండేళ్లలోపు పిల్లలకు అది అసలే వద్దు. రెండు వారాలకు సీసా పోయి గ్లాసులో రెండు గుక్కల నీళ్లు మిగిలాయి. లైటు వేయలేదు, మాట్లాడలేదు, పక్కన కూర్చుని వీపు నిమిరాను. మూడు రాత్రులు ఏడ్చాడు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి "అమ్మా, ఇచ్చేయవే, చూడలేకపోతున్నాను" అంది. ఇవ్వలేదు. మే, జూన్ నెలల్లో ఇక్కడ ఆరు కాకముందే వెలుగు వస్తుంది, అందుకే కిటికీకి పాత ముదురు రంగు దుప్పటి కట్టాం. చూడటానికి బాగుండదు, పని మాత్రం చేస్తుంది.

అసలు గొడవ పగటి నిద్రతో వచ్చింది. వాడు సాయంత్రం నాలుగింటికి పడుకుని ఆరింటికి లేచేవాడు, రాత్రి పది దాకా ఆటలు. అల్లుడుగారికి అదే సంతోషం, సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి తొమ్మిదవుతుంది మరి. ఈ వయసులో పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు కావాలి. అందుకని పన్నెండున్నరకు పడుకోబెట్టి మూడింటిలోపు లేపడం, రాత్రి ఎనిమిదికి పక్క వేయడం మొదలుపెట్టాం. రోజుకు పావుగంట చొప్పున జరిపాం. పగటి నిద్ర ఎగ్గొడితే రాత్రి బాగా పడుకుంటాడని కొందరు అంటారు. నేను చూసినంతలో అది చిరాకుకే దారి తీస్తుంది. కొడుకును చూడనివ్వడం లేదని అల్లుడుగారు నాలుగు రోజులు ముభావంగా ఉన్నారు. ఇప్పుడు ఉదయం ఆరుంబావు నుంచి ఏడున్నర దాకా వాడు ఆయనవాడే. ఇద్దరూ కింద నందిని బూత్ దాకా నడిచి పాలు తెస్తారు, ఒకే ఒక్క ప్యాకెట్.

ఒక్క మాట. ఇనుము మందు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున, ఆరు నెలలు దాటిన పిల్లలకు ప్రభుత్వమే ఇస్తుంది. ఆశా కార్యకర్తను అడగండి. రక్తం తక్కువని తేలితే మోతాదు వేరు, అది డాక్టరు చెప్పాలి. గురక పెడుతూ, ఊపిరి ఆగి ఆగి తీసే పిల్లలను కూడా డాక్టరుకు చూపించాలి, అక్కడ నా చిట్కాలు పనిచేయవు.

ప్రశ్నలు చాలా ఉంటాయని తెలుసు. కానీ రెండూ యాభై అయింది, మూడింటికి వాడిని లేపాలి. లిఫ్ట్ దాకా నాతో ఎవరైనా నడిస్తే దారిలో చెబుతాను.